ఎడమ చేతుల ఊరు

తాటిమెట్ట వాళ్లని పది ఊళ్ల జనంలో కలిపి కూర్చోబెట్టినా ఇట్టే పోల్చుకోవచ్చు. కుడి చెయ్యి అన్నం కలుపుతుంటే ఎడమ చెయ్యి విస్తరి మీద గాలిలో అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. పొరుగూరి పెళ్లికి వెళ్లినా అంతే. అక్కడ మచ్చుకి ఒక్క ఈగ లేకపోయినా వాళ్ల ఎడమ చేతులు తమ పని తాము చేసుకుపోతాయి. వడ్డించేవాళ్లు అది చూసి, వద్దంటున్నారు కాబోలనుకుని ముందుకెళ్లిపోతారు. అందుకే తాటిమెట్ట వాళ్లు నాలుగేళ్లుగా ఏ పెళ్లిలోనూ రెండోసారి కూర వేయించుకుని ఎరగరు.

నాలుగేళ్ల కిందట ఊరికి తూర్పున, ఆఖరి ఇంటికి రెండొందల గజాల్లో కోళ్లఫారం వెలిసింది. మన పెరట్లో తిరిగే కోళ్లలాంటివి కావవి. పన్నెండు షెడ్లు, నాలుగు లక్షల ఇరవై వేల కోళ్లు. ఒక్కటంటే ఒక్కటి నేల మీద కాలు మోపి ఎరగదు. ఇనప బోనుల్లో నుంచునే మేత తింటాయి, నుంచునే గుడ్డు పెడతాయి, కిందకి పెంట వేస్తాయి. ఆ పెంట ఆర్నెల్లకోసారి ఎత్తుతారు. ఈగలు మాత్రం అన్నాళ్లు ఆగవు.

ఆ ఆఖరి ఇల్లు నూకరత్నానిది. మనిషికి భయం పాలెక్కువ. చదివింది ఏడో తరగతి. ఆ చదువునంతా భయపడ్డానికే వాడుకుంటూ వచ్చింది. మందుసీసా మీది సన్నక్షరాలు, కరెంటు బిల్లు వెనకాల నిబంధనలు, గ్యాసు బండతో వచ్చే కాగితం, ఏదీ విడిచిపెట్టకుండా వేలు పెట్టి పైకి చదువుతుంది. ఏ వాక్యంలో ఏ ఆపద కూర్చుని ఉందో ఎవరికి తెలుసు? ఫోను మోగితే ఎవరో పోయారనుకుంటుంది. మోగకపోతే కబురు చెప్పాల్సిన వాళ్లు కూడా పోయారనుకుంటుంది.

అలాంటి మనిషికి ఒక్కతే కూతురు, వీరవేణి. గోదావరి లంకలో ఇచ్చారు. ఇప్పుడు ఆరో నెల. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి గనక, పిల్లని ఎప్పుడు పంపాలో మాట్లాడ్డానికి వియ్యపురాలు గవరమ్మ పడవ దిగి, ఆటో ఎక్కి తాటిమెట్ట వచ్చింది. నూకరత్నం పులిహోర, పాయసం చేసి, ఎడమ చేత్తో విసురుతూ వడ్డించింది.

గవరమ్మ పాయసం గ్లాసు వెలుతురుకి ఎత్తి చూసింది.

"ఏటొదినగారూ, పాయసంలో ఎండుద్రాక్ష ఏసేరా?"

"ఏసేనండి."

"రెక్కలున్న ఎండుద్రాక్ష ఎక్కడ దొరికిందండీ మీకు?"

గవరమ్మ గ్లాసు పక్కన పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుని నెమ్మదిగానే చెప్పింది.

"పిల్లని పంపడానికి నాకేం అడ్డులేదు. కానీ రేపు పసిగుడ్డు మూతి మీద ఇయ్యన్నీ ముసురుతుంటే మీరెన్నాళ్లు ఊపుతారండీ ఆ చెయ్యి? తొమ్మిదో నెల పెట్టేలోగా ఈగలు పోతే కబురెట్టండి, నేనే తీసుకొచ్చి దిగబెడతాను. పోలేదంటే పురుడు మా లంకలోనే."

ఆ మాటతో నూకరత్నం కళ్ల ముందు గోదావరి పొంగింది. లంకలో ఆసుపత్రి లేదు. ఉన్న పడవ ఒక్కటి. వీరవేణికి నొప్పులు వచ్చేసరికి పడవ ఇవతలి ఒడ్డున ఉంటుంది, పడవవాడు భోజనానికి వెళ్తాడు, భోజనంలో చేపముల్లు గొంతుకడ్డం పడుతుంది, వాణ్ని ఆసుపత్రికి తీసుకెళ్లడానికి వేరే మనిషి ఉండడు. ఈలోగా ఎగువన వాన పడుతుంది. ఆవిడ అప్పుడే ఏడవడం మొదలెట్టింది.

"ఇప్పుడేవైందే?" అన్నాడు మొగుడు సింహాద్రి.

"ఇంకా అవలేదు. అందుకే ఏడుత్తున్నాను. అయ్యేక ఏడిసి ఏం లాభం?"

చేతిలో మూడు నెలలు ఉన్నాయి.

*

ఊళ్లో ధైర్యలక్ష్మి మహిళా సంఘం అని ఒకటుంది. దానికి నూకరత్నం కార్యదర్శి. కాగితాలన్నీ ఆఖరు దాకా చదివే మనిషి ఇంకెవరూ లేక ఆ పదవి ఆవిడకొచ్చింది. అధ్యక్షురాలు సూరీడమ్మ. ఎవరికీ భయపడదు, ఏ కాగితమూ చదవదు. ఇద్దరూ కలిస్తే ఒక పూర్తి మనిషి.

"ఒలే రత్నం, ఏడుపాపి ఓ అర్జీ రాయి. సోమారం గ్రీవెన్సుకి పోదాం," అంది సూరీడమ్మ.

"అర్జీ రాసినందుకు మనల్ని లోపలేసేత్తే?"

"మరీ మంచిది. జైల్లో ఈగలుండవంట."

ఇరవై రెండు మంది ఆడవాళ్లు ఆటోలెక్కి జిల్లా కేంద్రానికి వెళ్లారు. అక్కడ ఈ సంగతి చూసే ఆయన్ని పశుపక్ష్యావాస సమన్వయాధికారి అంటారు. ఆ బోర్డు గుమ్మంకంటే వెడల్పు. ఆయన అర్జీ అందుకుని, కళ్లజోడు సవరించుకుని, గొంతు సవరించుకున్నాడు.

"మీ విజ్ఞాపన స్వీకరించబడినది. అయితే, ఈగ అనునది స్వభావరీత్యా సంచార జీవి. దాని స్థిరనివాసము ఫారమా లేక మీ వంటగదియా అనునది నిర్ధారింపబడవలసి యున్నది. తగు నమూనాలతో రండి."

ఆ మాట పట్టుకుని మళ్లీ సోమవారం వాళ్లు నమూనాలు తీసుకెళ్లారు. ఎవరింట్లో ఉన్న ఆవకాయ జాడీలు వాళ్లు తెచ్చుకున్నారు. మూతికి గుడ్డ కట్టిన పదకొండు జాడీలు బల్ల మీద వరుసగా పెట్టారు. లోపల నుంచి సన్నగా రొద.

"ప్రాణంతో ఉన్నవేనా?" అన్నాడు గుమస్తా.

"మీరే సూసుకోండి," అని సూరీడమ్మ ఒక గుడ్డ ఊడదీసింది.

ఐదు నిమిషాల్లో ఆ ఆఫీసులో అందరి ఎడమ చేతులూ ఊగాయి. సమన్వయాధికారి ఊపుతూనే తీర్పు చెప్పాడు.

"ఈ ఈగలు ఈ కార్యాలయములోనికి మీచే తేబడినవి. కావున రికార్డు ప్రకారము వీటి మూలస్థానము మీరు."

ఆఫీసులోకి ఈగల్ని తెచ్చినందుకు ఏ సెక్షను పెడతారో అని నూకరత్నం ఊడిన గుడ్డ వెతుకుతుంటే, సూరీడమ్మ నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చుంది. వెనక ఇరవై మందీ కూర్చున్నారు. మధ్యాహ్నం దాకా ఎవరూ లేవలేదు, జాడీలూ లేవలేదు. ఆఖరికి సమన్వయాధికారి టిఫిను డబ్బా తెరవలేక ప్రజాభిప్రాయ సేకరణకి ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు.

*

పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. ఊరు సగానికి పైగా వచ్చింది. పక్కనే కుర్చీలో ఫారం మేనేజరు, మూతికి తెల్ల మాస్కు, కళ్లలో చిరునవ్వు. సమన్వయాధికారి మైకందుకున్నాడు.

"ఫారము కొనసాగింపునకు అభ్యంతరము లేనివారు చేతులెత్తవలెను."

ఎవరూ ఎత్తలేదు. కానీ అప్పుడే పళ్లేల్లో సున్నుండలు పంచారు. జనం కుడి చేత్తో ఉండ పట్టుకున్నారు. షామియానా కింద ఆ చివర నుంచి ఈ చివర దాకా ఆరొందల ఎడమ చేతులు గాలిలోకి లేచాయి. గుమస్తా వరసగా లెక్కపెట్టుకుంటూ పోయాడు.

"ఏకగ్రీవము," అన్నాడు సమన్వయాధికారి. "ప్రజల ఉత్సాహము శ్లాఘనీయము. కొందరు చేతులు ఊపి మరీ మద్దతు తెలిపియున్నారు."

"బాబోయ్, అయి ఈగలు తోలుకునే సేతులండీ!" అని సూరీడమ్మ అరిచేసరికి కారు తలుపు పడింది.

ఆ రోజు సాయంత్రం రచ్చబండ దగ్గర మగవాళ్లు ఒకళ్లనొకళ్లు తిట్టుకున్నారు. సున్నుండ ఎవడు తినమన్నాడని వాడూ, నువ్వు రెండు తిన్నావుగా అని వీడూ. నూకరత్నానికి మాత్రం ఆ రాత్రి కునుకు లేదు. పొద్దున్నే వీరవేణి ఫోను చేసింది.

"అమ్మా, ఈగలు తగ్గాయా? ఇక్కడ గోదారి రంగు మారుతోంది."

వరదకి ముందొచ్చే ఎర్రనీళ్లు వచ్చేశాయన్నమాట. నూకరత్నం ఫోను పెట్టేసి సూరీడమ్మ ఇంటికి నడిచింది. నడుస్తూ దారిలో ఉన్న ప్రతి గుమ్మం ముందూ ఆగింది. "నాకు భయంగా ఉంది, మీరూ రండి," అంది. అంతకంటే పెద్ద ఉపన్యాసం ఆవిడకి రాదు. ఏం మహత్యమో, అందరూ వచ్చారు. ఈ మనిషే గుమ్మం దాటి వచ్చిందంటే ఊరు మునుగుతున్నట్టే లెక్క అనుకున్నారు. సంతకాలు పెట్టారు, మండలాఫీసు ముందు వంట చేసుకుని తిన్నారు, ఈగలు లేని చోట తినడం అలవాటు తప్పి చాలామందికి పొలమారింది కూడా. పంచాయతీ ఎన్నికలు దగ్గర్లోనే ఉన్నాయి గనక సర్పంచి కూడా వచ్చి వరసలో చివర నుంచున్నాడు. మూడో వారంలో రెండో సేకరణకి ఒప్పుకున్నారు.

ఈసారి నూకరత్నం ముందు రోజే ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. "ఏదిచ్చినా తినకండి. ఎడం చెయ్యి తొడకింద పెట్టుకుని దానిమీద కూకోండి. ఈగ కంట్లో దూరినా లేపకండి."

ఊరు ఊరంతా వచ్చింది. చంటిపిల్లల్తో కలిపి పదకొండొందల ముప్పై ఆరు మంది. పిల్లల ఎడమ చేతుల మీద తల్లులు కూర్చున్నారు. ఈగలు ముక్కుల మీద వాలాయి, రెప్పల మీద నడిచాయి. ఒక్క ఎడమ చెయ్యి కదల్లేదు. అభ్యంతరం ఉన్నవాళ్లు ఎత్తమనగానే కుడి చేతులన్నీ ఒక్కసారి లేచాయి. నూకరత్నానికి కళ్లనీళ్లు తిరిగాయి. తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు.

సమన్వయాధికారి ఆ చేతుల వంక ప్రశాంతంగా చూశాడు.

"పదకొండు వందల ముప్పై ఆరు. నమోదు చేయబడినది. అయితే నిబంధనలో 'ప్రభావిత జీవుల మెజారిటీ' అని యున్నది. మనుష్యులని లేదు. ఈ పంచాయతీ పరిధిలో ఫారమునందు నివసించు జీవులు నాలుగు లక్షల ఇరవై వేలు. వాటి అభిప్రాయమును వాటి తరఫున మేనేజరు గారు లిఖితపూర్వకముగా సమర్పించియున్నారు. వాటికి ఏ విధమైన అభ్యంతరమూ లేదు."

ముందుగా సూరీడమ్మ తేరుకుంది.

"అంటే కోళ్లు ఓటేసేయాండీ?"

"మొత్తము జీవులలో మీరు నూటికి ఒక్కరు కూడా కారు. సుమారు పావు. మైనారిటీ అభిప్రాయమును ప్రభుత్వము ఎల్లప్పుడూ గౌరవించును." ఆయన కాగితం మేనేజరుకి అందించాడు. మేనేజరు అందులో 'నివాసితుల ప్రతినిధి' అన్నచోట సంతకం చేశాడు.

*

అయినా జనం మళ్లీ మండలాఫీసు ముందుకెళ్లి కూర్చున్నారు. పేపర్లో సేకరణ నాటి ఫొటో పడింది: ముక్కు మీద ఈగతో కూర్చున్న ఎనభై ఏళ్ల ముసలమ్మ. పైనుంచి ఎవరో ఫోను చేశారు. వారం తిరక్కుండా ఉపశమన ఉత్తర్వు వచ్చింది, దాని వెనకే లారీ నిండా సన్నకన్నుల వల వచ్చింది. ఫారం కదిలించడం కుదరదు గనక ఊరినే దోమతెరలో పెట్టేద్దామని సమన్వయాధికారి ఆలోచన. గుడి గోపురం నుంచి వాటర్ ట్యాంకు దాకా, ఊరంతా ఒకే తెర. ఇంతటి తెర జిల్లాలో ఇంకెక్కడా లేదట.

ఆ మాట ఉత్తర్వులో అలా రాస్తే అది ఉత్తర్వు ఎందుకవుతుంది? నూకరత్నం ఇంటి అరుగు మీద సంఘం ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టుకుని వేలు పెట్టి చదివింది.

"'పంచాయతీ పరిధిలో అత్యధిక సంఖ్యలో జీవులు నివసించు ఆవాసమును సదరు వలతో సంపూర్ణముగా కప్పవలెను. జీవుల సంఖ్యకు ప్రజాభిప్రాయ సేకరణ నివేదికయే ప్రామాణికము. పనిని స్థానిక మహిళా సంఘము పది దినములలో నిర్వర్తించవలెను. ఉల్లంఘించినచో చట్టరీత్యా చర్య తీసుకొనబడును.'"

ఆఖరి వాక్యం మీంచి ఆవిడ వేలు తియ్యలేదు.

"ఊరి మీద ఏసేయమంటున్నాడు. రేపే మొదలెడదాం," అంది సూరీడమ్మ.

"ఊరని ఎక్కడుందే?"

"ఉండక్కర్లేదే రత్నం. అదే దానర్థం."

"అర్థం మనం సెప్పుకుంటే సరిపోద్దా? రేపు చర్య తీసుకునేటప్పుడు మన అర్థం అడుగుతారా?" నూకరత్నం లేచి లోపలికెళ్లి, బియ్యం డబ్బాలో దాచిన సేకరణ నివేదిక నకలు తెచ్చింది. మళ్లీ వేలు పెట్టింది. "తాటిమెట్ట గ్రామము, జీవులు పదకొండు వందల ముప్పై ఆరు. ఫారము, జీవులు నాలుగు లక్షల ఇరవై వేలు. ఏది ఎక్కువే?"

అరుగు మీద ఆడవాళ్లంతా ఆ అంకెల మీదకి వంగారు.

"తెలిసి తెలిసీ తక్కువమంది ఉన్న దాని మీద కప్పితే ఉల్లంఘించినట్టే గదా? సంఘం మొత్తాన్నీ లోపలేత్తారు. వీరవేణి పురిటికి నేను జైల్లోంచి రావాలి." ఆ భయం నిజమైనది. అందులో కల్తీ లేదు.

సూరీడమ్మ ఆవిడ మొహంలోకి చాలాసేపు చూసింది. తరవాత కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు కుదుపుతూ, "నిజమేనే. సట్టం అంటే సట్టమే. సూదులు తెండర్రా," అంది.

తెర ముక్కలు కుట్టడానికి ఆరు రోజులు పట్టింది. ఏడో రోజు ఆడవాళ్లు వాసాలూ తాళ్లూ వేసుకుని ఫారం గేటు ముందుకెళ్లారు. మేనేజరు ఉత్తర్వు మీద ముద్ర చూశాడు. 'ఆవాసము', 'జీవులు' అన్న మాటలు చూశాడు. ఇన్నాళ్లకి ప్రభుత్వం కోళ్లని కాకుల నుంచి, కాకుల రోగాల నుంచి కాపాడుతోందని పొంగిపోయాడు. నిచ్చెనలిచ్చాడు, కూలీల్నిచ్చాడు, మధ్యాహ్నం అందరికీ గుడ్డు కూర పెట్టించాడు. పదో రోజుకి పన్నెండు షెడ్లూ, పెంట గుంటలూ, మేనేజరు గది, ఆయన వంటగది, అన్నీ ఒకే తెర కిందకి వచ్చాయి. నూకరత్నం నాలుగు మూలలూ తిరిగి, కన్నం ఎక్కడైనా ఉందేమో వేలు పెట్టి చూసుకుంది. చర్య భయం.

తెరకి బయట మిగిలిన ఈగలు మూడు వారాల్లో వాటంతటవే తగ్గాయి. లోపలివి తగ్గలేదు.

*

నాలుగో సోమవారం గ్రీవెన్సు వరసలో మేనేజరు నుంచున్నాడు. చేతిలో మూతికి గుడ్డ కట్టిన జాడీ. ఎడమ చెయ్యి గాలిలో ఊగుతోంది. మర్నాడు సమన్వయాధికారి కారు తాటిమెట్ట వచ్చి, ఫారం ముందాగి, తెర ఎత్తించుకుని లోపలికెళ్లింది. కాసేపటికి సంఘం కార్యదర్శిని పిలిపించారు. నూకరత్నం వెళ్తూ మొగుడికి అన్నం ఎక్కడుందో, తాళం ఎక్కడుందో, తనకేమైనా అయితే వీరవేణికి ఏ చీర పెట్టాలో చెప్పి మరీ వెళ్లింది. సూరీడమ్మ తోడు వచ్చింది.

"ఎవరు చేయమన్నారమ్మా ఈ పని?" సమన్వయాధికారి భాషలోని గ్రాంథికం కాస్త రాలిపోయింది. నోరు తెరిచినప్పుడల్లా ఈగ చొరబడుతోంది.

నూకరత్నం ఉత్తర్వు తీసి, వేలు పెట్టి, మొదటి నుంచి చదివింది. తరవాత నివేదిక చదివింది. అంకెలు రెండుసార్లు చదివింది.

"అవి కోళ్లమ్మా!"

"ఆయ్. మీరు జీవులని రాసేరండి."

"జీవులే. కానీ ఇక్కడ జీవులంటే..." ఆయన ఆగాడు.

"భయమేసి అడుగుతున్నానండి, తప్పైతే క్షమించండి," అంది నూకరత్నం. "కోళ్లు జీవుల్లెక్కలోకి రావని ఇప్పుడు మీరు కాయితం రాత్తే, ఆవేళ ఎత్తిన సేతులు మాయే మిగుల్తాయి గదండీ? అప్పుడు ఫారం మూసేయాల్సొద్దేమో. దానివల్ల మీకేమైనా మాటొత్తాదేమోనని నాకు భయం."

గుమస్తా ఆయన చెవి దగ్గరగా వంగాడు. "సార్, నాలుగు లక్షల జీవులకు రక్షణ అని మనం పైకి రిపోర్టు కూడా పంపేశాం. అభినందన వచ్చేసింది."

సమన్వయాధికారి ఆకాశం వంక చూడబోయి తెర వంక చూశాడు. తరవాత మేనేజరు వైపు తిరిగాడు. పోయిన భాష వెనక్కి వచ్చింది.

"ఆవాస పారిశుధ్యము నివాసితుల బాధ్యత. నివాసితుల తరఫున సంతకము చేసినవారు మీరు. పెంటను ప్రతి దినము తొలగించవలెను. తొలగించనిచో చట్టరీత్యా చర్య."

"ప్రతిరోజూనా? పన్నెండు షెడ్లు సార్!"

"అత్యధిక జీవులు మీవే గదండీ," అంది సూరీడమ్మ. "మైనార్టీ వోళ్లం, మేమేం సెప్పగలం?"

*

తొమ్మిదో నెల పెట్టిన మూడో రోజున గవరమ్మ వీరవేణిని తీసుకుని వచ్చింది. గోదావరి అప్పటికే గట్టు తాకుతోంది. అదే ఆఖరి పడవట. నూకరత్నం పాయసం పోసింది. గవరమ్మ గ్లాసు వెలుతురుకి ఎత్తి, చెంచాతో ఒక ఎండుద్రాక్ష పైకి తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, నోట్లో వేసుకుంది. ఇంకో గ్లాసు అడిగింది.

వీరవేణికి ఆడపిల్ల పుట్టింది. పట్నం ఆసుపత్రిలో, ఏ గొడవా లేకుండా. ఏమీ అవకపోవడం చూసి నూకరత్నానికి ఇంకా భయం వేసింది.

పదకొండో రోజు ఉయ్యాల పక్కన చాప మీద కూర్చుని గవరమ్మ తాంబూలం వేసుకుంటోంది. పసిది నిద్రపోతోంది. నూకరత్నం ఎడమ చెయ్యి ఉయ్యాల మీద అటూ ఇటూ ఊగుతోంది.

"ఈగ లేదు, ఏం లేదు. ఎందుకండీ ఒదినగారూ ఆ ఊపడం?"

"తెర ఐదేళ్లే ఉంటాదని ఉత్తర్వు వెనక పేజీలో సన్నక్షరాల్లో ఉందండి," అంది నూకరత్నం, చెయ్యి ఆపకుండా. "రాకముందే తోలుతున్నాను."